రాళ్ళకుంటకు దారి

జనవరి 19, సోమవారం

లేని ఊరికి దారి అడిగితే నువ్వు ఏం చెబుతావు? ఈ పుట చదివేది నేనొక్కణ్ణే కాబట్టి నన్నే అడుగుతున్నాను. చెప్పు ఈరయ్యా. ఇన్నేళ్ళుగా మైకు పట్టుకొని ఊళ్ళకు ఊళ్ళను నిలదీశావు. ఇవాళ పొద్దున ఒక ఆడకూతురు గడప ముందు నిలబడి దారి అడిగితే నీ నోటికి ఏమైంది?

వచ్చింది స్వప్న. రైల్వే గేటు అవతల ఉంటుంది. మొగుడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. పక్కన కూతురు గ్లోరీ, నాలుగో తరగతి. పిల్లకు మూర్ఛ జబ్బు. బడిలో పడిపోయినప్పటి నుంచి చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెడుతున్నారట. గోలీలు వేస్తే మూర్ఛ రాదు గానీ పొద్దంతా తూగుతుందట.

"అయ్యగారూ, నిన్న కూటంల చెప్పిన్రు గద, రాళ్ళకుంట ముసలామె. గామె దగ్గరికి ఎట్ల పోవాలె?"

నేను అయ్యగారిని కాను. అభిషేకం లేనివాణ్ణి, బడి మధ్యలో మానేసినవాణ్ణి, ఉత్త బోధకుణ్ణి. అందరూ అట్లాగే పిలుస్తారు, నేనూ దిద్దడం మానుకున్నాను.

రాళ్ళకుంట లేదు. ముసలామె లేదు. నిన్న కోహీర్ కూటంలో నేను చెప్పిన దృష్టాంతం అది. మూర్ఛతో పడిపోయే పిల్ల, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే ముసలామె, తల్లి గోలీల డబ్బా తీసి బావిలో విసరడం, ఆ తర్వాత పిల్ల మళ్ళీ పడకపోవడం. 'అది కథ బిడ్డా' అంటే అయిపోయేది.

నేనన్నది వేరే. "న్యాల్‌కల్ దాటినంక అడుగు బిడ్డా. చెప్తరు."

"వందనాలయ్యగారూ" అని కదిలింది. గ్లోరీ మాత్రం వెనక్కి తిరిగి అడిగింది. "తాతా, గా డబ్బా ఇంక తేలుతనే ఉందా?"

"తేలుతుంది బిడ్డా" అన్నాను.

జనవరి 20

నేను అద్భుతాన్ని కల్పించలేదు. అద్భుతాలు వాక్యం నిండా ఉన్నాయి. నేను కల్పించింది చోటును. చోటు అబద్ధం ఎట్లా అవుతుంది? చోటు గిన్నెలాంటిది. లోపల పోసిన నీళ్ళు నిజమైతే చాలు.

రాసి చదువుకుంటే బాగానే ఉంది. బాగా ఉన్నందుకే అనుమానంగా ఉంది.

ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. ఒకరోజు పడవలో తుఫాను వచ్చిన భాగం చదువుతుంటే ఒక మాట కాలికి ముల్లులా తగిలింది. ప్రభువు పడవ వెనక భాగాన, తల కింద దిండు పెట్టుకొని నిద్రపోతున్నాడట. దిండు ఎందుకు? గాలిని గద్దించడానికి దిండుతో పనేమిటి? అయినా ఆ దిండు తీసేస్తే నాకు పడవ కనిపించదు. వేలమందిని కూర్చోబెట్టి రొట్టె పంచినప్పుడు గడ్డి పచ్చగా ఉందని రాశారు. రోగులు పడి ఉన్న కోనేటికి అయిదు మంటపాలని రాశారు. పనికి రాని మాటే చోటును నిలబెడుతుంది. అది పట్టుకున్న రోజు నుంచి నా కూటాల్లో మధ్యలో లేచిపోయినవాళ్ళు లేరు.

ఒక చోటును కట్టాలంటే ముందు కాలికి ఏం తగులుతుందో చెప్పాలి. తర్వాత ముక్కుకు. కంటికి చివర్న, అదీ కొంచెమే. కొత్త బోధకులందరూ కంటితో మొదలుపెడతారు, అందుకే వాళ్ళ ఊళ్ళు క్యాలెండరు బొమ్మల్లా ఉంటాయి. ఒకటైనా పాడైపోయిన వస్తువు ఉండాలి. అన్నీ బాగున్న ఇంటిని ఎవరూ నమ్మరు.

రాళ్ళకుంటను అట్లాగే కట్టాను. బస్సు దిగి చెలకలో నడుస్తుంటే కోసిన జొన్న కొయ్యకాళ్ళు చెప్పుల్లోంచి గుచ్చుకుంటాయి. మేక మూత్రం వాసన, తడిసిన గోనెసంచి వాసన. మోటరు రూముకు నీలం తలుపు, పైకీలు ఊడి ఒక పక్కకు వాలింది. పైపుకు చీరె పేలికతో కట్టేసిన మేక. నాచు పట్టిన బావి. తల్లి విసిరిన రేకు డబ్బా మునగలేదు. నీళ్ళ మీద తిరుగుతూ రాతికి తగిలి టక్కు, టక్కు. అక్కడ నేను ఆగాను. కోహీర్‌లో కూటమంతా ఊపిరి బిగబట్టింది.

నీళ్ళలో పడ్డ గొడ్డలి ఇనుము తేలిందని వాక్యంలో ఉంది. రేకు డబ్బా తేలితే ఏం?

జనవరి 21

గొంతు పూర్తిగా పోయింది. కమలమ్మ మిరియాల పాలు ఇచ్చింది. మాట్లాడే పని లేకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

జనవరి 22

కమలమ్మ చాటలో కందులు చెరుగుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఏమయ్యా, మా అమ్మగారింటి బాయిని ఎంతకమ్మినవ్?"

"ఏ బాయి?"

"కోహీర్ల మైకు ముందట పెట్టినవ్ గద. నాచు పట్టిన బాయి. చీరె పేలికతోని కట్టేసిన మేక. గా మేక నాది. పెండ్లైన కొత్తల ఇంటి మీద బెంగతోని నేను ఏడ్చుకుంట చెప్తుంటే ఇంటున్నవనుకున్న. దాచిపెట్టుకుంటున్నవని ఎర్కలేకపాయె."

"మేకనే గదనే."

"మేకనే. దానికి పేరు గూడ ఉండె. గది నీకు చెప్పలే, మంచిగైంది."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"గా పోరి తల్లి పోయిందా?"

"పోతదో లేదో."

"పోతది. నువ్వు చెప్పినంక పోనోళ్ళెవరు? మా అమ్మ ఊరు ఎటు దిక్కుందో పుట్టినప్పటి సంది ఎర్కున్న దాన్ని, నాకే న్యాల్‌కల్ బస్సెక్కుదామనిపించింది. పోయి చెప్పు."

"రేపు చెప్త."

"ఇయ్యాల ఏమైంది?"

"గొంతు లేదు."

"చెవిల చెప్పనీకె గొంతెందుకు?"

జనవరి 23

పోలేదు. రాయికోడ్ నుంచి సంఘం పెద్దలు వచ్చారు. వచ్చే నెల వాళ్ళ ఊళ్ళో కూటాలు పెడుతున్నారట, షామియానా, పెద్ద స్పీకర్లు, మూడు పూటల భోజనం. "గా బాయి ముచ్చట మా దగ్గర గూడ చెప్పాలె అయ్యగారూ. కోహీర్ పోయొచ్చినోళ్ళు అదే అంటున్రు" అన్నారు.

వద్దనలేదు. చూద్దాం అన్నాను.

జనవరి 24, శనివారం

ఇవాళ పోయాను. స్వప్న అత్త యాదమ్మ గుమ్మంలో కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"రా అయ్యా, రా. నీ దయవల్ల మా కోడలు పరలోకం చూసొచ్చింది. కూసో, చాయ్ పెట్టిస్త."

ఆ మాటలో చక్కెర లేదు.

స్వప్న లోపలి నుంచి పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళలో నా మాట విని అంత వెలిగిన ముఖం చూసి ఉండను. "దొరికింది అయ్యగారూ."

"ఏం దొరికింది?"

"రాళ్ళకుంట. పేరు చెప్తే కండక్టరు నవ్విండు. న్యాల్‌కల్ల ఎవ్వరికీ ఎర్కలేదు. పాత పేరేమో, మార్చిన్రేమో అనుకున్న. పేరు ఇడిసిపెట్టి మీరు చెప్పిన గుర్తులు అడుక్కుంట పోయిన. జొన్న కొయ్యకాళ్ళున్నయ్, మోటరు రూమున్నది, బాయున్నది. నీలం తలుపు గూడ ఉంది."

"ముసలామె?"

"బీదర్ పోయిందట, బిడ్డ దగ్గరికి. పండుగకు వస్తదట."

మా దిక్కున ప్రతి ఊళ్ళోనూ బీదర్ పోయిన ముసలామె ఒకతి ఉంటుంది.

"గోలీలు ఏం చేసినవ్?"

జవాబు గ్లోరీ చెప్పింది. "బాయిల ఏసినం తాతా. బాయి మీద జాలీ ఉండె, సందుల నుంచి ఏసినం. తేలిందో మునిగిందో కనబడలే."

అప్పుడు చెప్పాను. నిజంగా చెప్పాను. "ఇను స్వప్నా. గది కథ. నేను కల్పించిన. అసొంటి ఊరు లేదు, అసొంటి ముసలామె లేదు. గోలీలు తెచ్చి మళ్ళ ఎయ్యి."

ఆమె నవ్వింది, చిన్నపిల్లలు దాక్కున్న చోటు ముందే తెలిసినట్టు. "మీరు గిట్లనే అంటరని అత్తమ్మకు రాత్రే చెప్పిన. మహిమ మీకు రావొద్దని అంటున్నరు. పెద్దోళ్ళు గట్లనే అంటరు."

యాదమ్మ చాట పక్కన పెట్టింది. "అయ్యా, నిజంగనే లేదా?"

"లేదు యాదమ్మా."

"మరి ఇది చూసొచ్చింది ఏంది?"

చాయ్ తాగి వచ్చాను. చెప్పాల్సింది చెప్పాను. నా వంతు అయిపోయింది.

జనవరి 25, ఆదివారం

ఇవాళ ప్రసంగంలో వైద్యం గురించి చెప్పాను. వైద్యుడు కూడా దేవుడు పెట్టినవాడే అన్నాను. కడుపు బాగాలేని శిష్యుడికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని అపొస్తలుడే రాసి పంపాడు, ప్రార్థన చేసి ఊరుకోమనలేదు అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆమేన్ అనిపించుకోవడానికి పెద్ద కష్టం లేదు. రాళ్ళకుంట పేరు మాత్రం ఎత్తలేదు. ఎత్తాల్సిన చోట దగ్గు వచ్చింది, నీళ్ళు తాగాను, పాట ఎత్తుకున్నాను.

కూటం అయ్యాక స్వప్న వచ్చింది. "నా కోసమే చెప్పిన్రు అయ్యగారూ, సమజైంది. నమ్మకం తక్కువున్నోళ్ళకు గోలీలు. నిండుగ ఉన్నోళ్ళకు బాయి."

పక్కనే గ్లోరీ చురుగ్గా ఉంది. తూగు లేదు. "చూసిన్రా, ఎంత మంచిగున్నదో" అంది తల్లి.

ఆమెకు బావి ఉంది, తలుపు ఉంది, చెప్పులో గుచ్చుకున్న కొయ్యకాలు ఉంది. నా దగ్గర ఒక ఉత్త మాట ఉంది. చోటును మాట గెలవదు.

జనవరి 27

న్యాల్‌కల్ బస్సెక్కాను. నేను కల్పించిన ఊరిని నేనే అడుక్కుంటూ పోయాను. చెరుకు లారీలు దారి పొడుగునా దుమ్ము లేపుతున్నాయి. మోకాళ్ళు సహకరించలేదు. నేను చెప్పిన గుర్తులే చెబితే ఒకాయన చేత్తో చూపించాడు.

కంది కట్టె కుప్ప వేస్తున్న రైతు లేచి వచ్చాడు. మెడలో లింగంకాయ, తలకు తువ్వాల. పేరు చెన్నబసప్ప. మాటలో సగం కన్నడం.

"మీరేనా రీ ఆ బోధకులు? ఆయమ్మ వచ్చి మా మోటరు రూముకు మొక్కింది. నాకు భయమైంది. లోపల స్టార్టరు తప్ప ఏం లేదు రీ."

"ముసలామె సంగతి ఏం చెప్పినవ్?"

"ముసలామె ఉన్నదా అని అడిగింది. మా అవ్వను, అదే మా అమ్మను, అడుగుతుందేమో అనుకున్న. బీదర్ల మా అక్క కాడుంది, పండుగకు వస్తది అన్న. ఆయమ్మ గంతలకే ఏడ్చింది రీ. మా అవ్వకు ప్రార్థన లేదు, గిర్థన లేదు. తంబాకు ఒకటుంది."

మోటరు రూము తలుపు ఆకుపచ్చ. కీళ్ళు గట్టిగా ఉన్నాయి. ఎప్పుడైనా నీలం రంగు ఉండేదా అని అడిగాను. "మా అప్ప, మా నాయిన, ఏసిన రంగు రీ, మళ్ళ ఎవరు ఏసిన్రు" అన్నాడు. మేక లేదు. కొయ్యకాళ్ళు కందివి. బావి మీద ఇనుప జాలీ ఉంది. బావి ఎండిపోయి ఎంత కాలమైందో ఆయనకే గుర్తు లేదు.

అంటే స్వప్న ఆ తలుపు ముందు నిలబడి, ఆకుపచ్చను చూస్తూ, నీలం చూసింది. నేను సగం చెప్పి వదిలేశాను. మిగతా సగం ఆమె కట్టుకుంది, బిడ్డ మీద ఉన్న ప్రేమనంతా సున్నంలా కలిపి. నేను కట్టిన సగాన్ని కూలగొట్టగలను. ఆమె కట్టినదాన్ని ఎట్లా?

జాలీ మీద వంగి చూశాను. అడుగున ప్లాస్టిక్ సంచులు, ఎండిన ఆకులు, ఒక విరిగిన కుండ. వాటి మధ్య ఎండ పడి గోలీల అట్ట తళుక్కుమంటోంది.

చెన్నబసప్ప మజ్జిగ ఇచ్చాడు. "పాపకు బాగుందా రీ?" అని అడిగాడు. బాగుందని చెప్పాను.

జనవరి 28

మోకాళ్ళు. ప్రార్థనకు కూడా వంగలేకపోయాను.

జనవరి 29, గురువారం

బీదర్ రోడ్డు మలుపులో స్కూటర్ వెనక చక్రం గాలి పోయింది. అక్రం పంచర్ దుకాణం దాకా తోసుకుంటూ పోయాను. రాళ్ళకుంటను మొదట విన్నది అక్రమే, కోహీర్ కూటానికి ముందు, ఆ దుకాణం ముందటి బెంచీ మీద.

"ఈరయ్య భాయ్, మన డబ్బా ఎట్ల నడుస్తుంది?"

మన డబ్బా అనడం న్యాయమే. ఆ రోజు కథలో నేను డబ్బాను మునగనిచ్చాను. "మునిగితే మజా ఏముంది భాయ్" అన్నాడు అక్రం. ట్యూబు తొట్టిలో ముంచుతుంటే సొల్యూషన్ డబ్బా మోచేయి తగిలి నీళ్ళలో పడింది. తేలుతూ పోయి తొట్టి అంచుకు టక్కుమని తగిలింది. "దేఖో, గిట్ల తేలనియ్" అన్నాడు. నేను తేలనిచ్చాను. నాచు కమలమ్మ బావిది. చప్పుడు అక్రం తొట్టిది.

పిల్ల సంగతి చెప్పాను. అతని చేతిలో పానా ఆగిపోయింది.

"గోలీలు బంద్ చేసిన్రా? తౌబా. మా చెల్లె షబ్నం కొడుకుకు గూడ ఇదే బీమారి భాయ్. ఒక్క పూట తప్పితే ఇల్లంత జాగారమే. నువ్వు ఈడ కూసొని నాకు చెప్తున్నవా? నా బండి తీస్కపో. టైరు తర్వాత చూసుకుందం."

"రెండుసార్లు చెప్పిన అక్రం. ఇనలే."

"ఎట్ల చెప్పినవ్?"

"ఒకసారి ఇంట్ల. ఒకసారి..."

"ఒకసారి?"

అతని బండి తీసుకొని పోయాను. స్వప్న ఇంటికి తాళం వేసి ఉంది. ఈ పుటలో అబద్ధం రాసే ఓపిక లేదు కాబట్టి రాస్తున్నాను: తాళం చూసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

జనవరి 30

తాళం ఎందుకు వేసి ఉందో పొద్దున యాదమ్మ వచ్చి చెప్పింది. నిన్న బడిలో గ్లోరీ పడిపోయింది. ఎప్పటిలా కాసేపటికి ఆగలేదు. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. ఆటోలో వేసుకొని సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. సూది వేశాక తగ్గింది.

దవాఖానలో పిల్ల నిద్రపోతోంది. నాలుక కొరుక్కుంది, పెదవి వాచింది. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చొని ఉంది. నన్ను చూసి లేచింది, అప్పటికీ "వందనాలయ్యగారూ" అంది. అది భరించడం కష్టమైంది.

"డాక్టరు ఏమన్నడు?" అని యాదమ్మను అడిగాను.

"గోలీలు నడిమిట్ల ఆపితే గిట్లనే అయితదన్నడు. మళ్ళ గిట్ల వస్తే పిల్ల లేవకపోవచ్చన్నడు. కొత్త గోలీలిచ్చిండు. ఇది కొంగుకు కట్టుకొని కూసుంది, ముసలామె పండుగకు వస్తది, గప్పటిదాక ఆగుదామంటది. నేను ఏస్తే పిల్ల ఉమ్మేస్తది, అమ్మ ఒద్దన్నదని."

నేను స్వప్న ఎదురుగా నేల మీద కూర్చున్నాను. "నేను పోయి చూసొచ్చిన బిడ్డా. గా తలుపు ఆకుపచ్చది. గా ముసలామె ఎవరికీ ప్రార్థన చెయ్యదు. గది నా ఊరు కాదు. నా ఊరు ఎక్కడా లేదు."

ఆమె కొంగు ముడి బిగించుకొని నా వైపు చూసింది. కోపం లేదు. అలసట ఉంది, నా అలసట కంటే పాతది.

"కోహీర్ల మైకుల చెప్పిన్రు. ఇప్పుడు చెవిల చెప్తున్రు. ఏది నమ్మాలె అయ్యగారూ? మైకుల చెప్పింది ఊరంత ఇన్నది, దేవుడు ఇన్నడు. అబద్ధమైతే గాడనే ఆపుతుండె గద మిమ్ముల."

చిన్నవాళ్ళను తొట్రుపరిచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడేయడం మేలని వాక్యం. ఆ వాక్యం మీద ఎన్ని ఊళ్ళలో గర్జించానో. సముద్రాన్ని వర్ణించేవాణ్ణి, అలల చప్పుడు నోటితో చేసేవాణ్ణి. రాయి ఎంత బరువుంటుందో ఎన్నడూ చెప్పలేదు. నాకు తెలియలేదు.

జనవరి 31, శనివారం

పిల్లను ఇంటికి పంపారు. గోలీలు ఇంకా కొంగులోనే ఉన్నాయని యాదమ్మ ఫోన్ చేసింది. రేపు కూటానికి తీసుకొస్తారట, నాతో ప్రార్థన చేయించాలని స్వప్న పట్టు. రాయికోడ్ పెద్దలు కూడా రేపే వస్తున్నారు, కూటాల తారీఖు ఖాయం చేసుకోవడానికి.

"రేపు మైకుల చెప్తనే" అన్నాను కమలమ్మతో.

"నిరుడు చెప్పిన కథల సంగతి గూడ అడుగుతరు. నిజమా అబద్ధమా అని."

"అడుగుతరు."

"రాయికోడ్ల పిలుస్తరా మళ్ళ?"

"పిలవరు. ఎక్కడా పిలవరు."

ఆమె కందులు డబ్బాలో పోసి మూత బిగించింది. "జర ఇంట్ల ఉంటవ్ తియ్. ఉత్తగ కథ అని చెప్పకు. కథ అంటే ఇనదు గా పిల్ల. ఎక్కడ కూసొని అల్లినవో గా జాగ చూపియ్. నీకొచ్చిన పని గదొక్కటే గద."

ఫిబ్రవరి 1, ఆదివారం

ఇంకా గంటకు కూటం. మైకు ముందు నా నాలుకను నేను నమ్మను, అది తనకిష్టమైన దారిన పోతుంది. దగ్గు కూడా దానికే సాయం. అందుకే ఇక్కడ రాసుకొని, కాగితం చించి, చూసి చదువుతాను. పాటలు వద్దన్నాను. ముందే చదువుతాను.

స్వప్నా, పిల్లను తీసుకొని ముందటికి రా. కూసో. రాళ్ళకుంట ఎక్కడుందో ఇయ్యాల చెప్త.

బీదర్ రోడ్డు మలుపుల ఉంది. అక్రం పంచర్ దుకానం. ముందట బెంచీకి ఒక కాలు పొట్టి, కింద ఇటుక పెట్టిండు, అయినా ఊగుతది. కూసుంటే ధోతికి గ్రీజు అంటుతది, మా ఇంటామె ఎంత ఉతికినా పోలే. కాలిన రబ్బరు వాసన. పక్క బండి మీద మిర్చీలు ఏగుతున్నయ్, నాకు ఆకలైతుంది. సగానికి కోసిన డ్రమ్ముల నల్ల నీళ్ళు, పైన నూనె తెట్టె. గది నువ్వు మొక్కిన బాయి. దాంట్ల పడ్డది గోలీల డబ్బా కాదు, ట్యూబులకు పూసే సొల్యూషన్ డబ్బా. గది తేలింది. కూటానికి కథ కావాలె, నా దగ్గర లేదు. మొకం కడుక్కోలే, మోకాలు వంచలే, ప్రార్థన చెయ్యలే. చక్రానికి గాలి ఎక్కేలోపల ఊరు కట్టిన. మేకను మా ఇంటామె దగ్గర దొంగిలించిన. గాడ ముసలామె లేదు. గాడ దేవుని పేరు ఎవ్వరూ ఎత్తలే. గాడ ఏ పిల్ల బాగుపడలే బిడ్డా. పిల్లనే లేదు.

నేను మైకుల అబద్ధం చెప్పిన. మైకులనే ఒప్పుకుంటున్న. దేవుడు నన్ను గాడ ఆపలే. మొన్న దవాఖానల నీ నోటితోని ఆపిండు.

రాయికోడ్ నుంచి వచ్చినోళ్ళు ఇన్నరు గద, ఇంక మీ ఇష్టం. ఈ కూటంల నా కథ ఇని మందు ఆపినోళ్ళు ఇంకెవరన్న ఉంటే, చెప్పుల కోసం ఎతుకకున్రి, లేవున్రి, ఇంటికి పోయి ఏసుకోన్రి. నేను ఏమనుకుంటనో అని కూసోకున్రి.

స్వప్నా, నువ్వు ఇంటిదాక గూడ పోవద్దు. ప్రార్థన తర్వాత చేద్దం. ఆమేన్ కోసం ఆగకు. పొద్దుటి గోలీ ఇంక పడలే. కొంగు ముడి ఇప్పు. కమలమ్మ చెంబుల నీళ్ళు పట్టుకొని నీ పక్కనే నిలబడ్డది. గ్లోరీ, నోరు తెరువు బిడ్డా, ఈసారి ఉమ్మకు. ఎయ్యి తల్లీ. ఇప్పుడే, ఈడనే, అందరు చూస్తుండంగ ఎయ్యి.